మాయక్కాళ్ చేలో నేలపిచ్చుక

రంగసామి గీసిన కోడిపుంజును చూడకుండా పొయ్యి ముట్టించిన ఇల్లు ఆ చుట్టుపక్కల లేదు. కానీ ఆ పుంజును రంగసామి గీశాడని ఎవరికీ తెలియదు. అగ్గిపెట్టె మీది బొమ్మను చూసేవాళ్ళే గానీ, ఎవరు గీశారని అడిగేవాళ్ళు ఎవరుంటారు?

కోవిల్‌పట్టి బజారు వెనక సందులో అతనిల్లు. ముందు గదిలో కిటికీ పక్కన బల్ల, దాని మీద సన్న కుంచెలు, రంగుల సీసాలు. కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు దాకా ఉన్న అగ్గిపెట్టెల కంపెనీల వాళ్ళు చాలామంది ఒకప్పుడు అతని గడప తొక్కినవాళ్ళే. రెండు వేళ్ళంత జాగాలో దీపం గీయమంటే దీపం, ఏనుగు గీయమంటే ఏనుగు. అదీ ఎట్లా? ఏనుగు కంటి కింద ముడతలు కూడా కనిపించేట్టు. తొంభైల చివరికొచ్చేసరికి శివకాశిలో కంప్యూటర్లు వచ్చాయి. పాత బొమ్మనే రంగు మార్చి, సైజు మార్చి తిప్పి తిప్పి వేసుకోవడం మొదలుపెట్టారు. రంగసామికి పని తగ్గింది గానీ మానలేదు. అంగళ్ళ బోర్డులు రాసేవాడు, చర్చి పండగకు తెరలు గీసేవాడు. చేతికి పని లేని రోజు మాత్రం ఇంట్లో అతన్ని భరించడం కష్టమని భార్య వీరమ్మాళ్ ఇరుగుపొరుగు దగ్గర నవ్వుతూ చెప్పేది.

రెండు వేల రెండో సంవత్సరం ఎండాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం, విరుదునగర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే సురేష్‌కుమార్ అతన్ని వెతుక్కుంటూ వచ్చాడు. ముప్పై దాటిన మనిషి. ఎండకు కమిలిన ముఖం, మెడలో బైనాక్యులర్స్. గడపలో నిలబడి తమిళంలో తానెవరో చెప్పుకున్నాడు. ఒక పిట్ట బొమ్మ కావాలన్నాడు.

"ఏ పిట్ట?" అన్నాడు రంగసామి, అతనూ తమిళంలోనే.

"పేరు చెబితే తెలియదన్నా. ఊళ్ళలో అడిగితే చిన్న పిట్టలన్నిటినీ కురివి అనే అంటున్నారు. అదే చిక్కు."

లోపల్నుంచి వీరమ్మాళ్ కేక వేసింది. "ఇద్దో, వచ్చినోళ్ళకి మజ్జిగ తెద్దునా, టీ పెడుదునా?"

సురేష్‌కుమార్ ముఖం విప్పారింది. "మీ ఇంట్లో తెలుగేనా? మాదీ తెలుగే అన్నా. అరుప్పుకోట్టైలో మగ్గాలు మావాళ్ళవి. మజ్జిగ చాలునక్కా!" అని లోపలికి వినబడేట్టు అన్నాడు. ఆ తర్వాత మాట తమిళంలోకి పోలేదు.

సంగతేమిటంటే, ఆ నల్లరేగడి బీళ్ళలో నేలమీదే తిరుగుతూ, నేలమీదే గూడు పెట్టుకునే చిన్న పిట్ట ఒకటుంది. తక్కిన దేశంలో ఎట్లా ఉన్నా, ఆ పక్కన మాత్రం ఏటికేడాది తగ్గిపోతున్నదని సురేష్‌కుమార్ బెంగ. గడ్డిబీళ్ళు కొన్ని ఇళ్ళస్థలాలైపోయాయి. కొన్నిటిని సర్కారు తుమ్మ మింగేసింది. ఎక్కడెక్కడ మిగిలిందో తెలుసుకోవాలంటే ఊళ్ళలో వాళ్ళు చూసి చెప్పాలి. వాళ్ళు చెప్పాలంటే ముందు గుర్తుపట్టాలి. అందుకే టీకొట్టు గోడల మీద అతికించడానికి బొమ్మ ఒకటి అచ్చు వేయించాలనుకున్నాడు.

"ఆకాశంలో పాడుతూ ఎగిరే వానంబాడి కులందే గానీ చూస్తే పిచ్చుకే అనుకుంటారు. నేను నేలపిచ్చుక అంటుంటాను," అన్నాడు. "నెత్తి బూడిదరంగు. చెంపలు తెలుపు. ముక్కు పొట్టిగా, లావుగా, గింజలు కొరికేట్టుగా ఉంటుంది. వీపు మట్టిరంగు. కింద నలుపు."

రంగసామి కళ్ళు మూసుకుని విన్నాడు. అతని పద్ధతే అది. మాట విన్నప్పుడే బొమ్మ లోపల పడిపోవాలి.

"సరే సారు, గీసి నేనే తెచ్చిస్తా," అన్నాడు.

చాలాకాలం తర్వాత మనసుపెట్టి గీశాడు. ఈకకు ఈక విడివిడిగా కనిపించేట్టు సన్న కుంచెతో తీర్చాడు. వీరమ్మాళ్ చూసి, "ఎగిరిపోతాదేమో, కిటికీ మూయి," అంది. బొమ్మను గుడ్డలో చుట్టుకుని బస్సెక్కి విరుదునగర్ పోయాడు.

కాలేజీ చెట్టు కింద నిలబడి సురేష్‌కుమార్ బొమ్మను చాలాసేపు చూశాడు. చూసి తల గోక్కున్నాడు.

"ఏం సారు?"

"బొమ్మ ప్రాణమున్నట్టుంది అన్నా. కానీ ఇది మన ఇంటి చూరు పిచ్చుక."

రంగసామి ముఖం మాడిపోయింది. "మీరు చెప్పినట్టే గీస్తిని కదా. నెత్తిన బూడిదరంగు, చెంపలు తెలుపు, కింద నలుపు."

"కింద అంటే గొంతు కింద అనుకున్నారు మీరు. నేను పొట్ట అంతా అన్నాను. తప్పు నాదే. మగ పిచ్చుకకూ నెత్తి బూడిదరంగే, గొంతు దగ్గరా నలుపే. నా మాటలు వింటే ఎవరికైనా పిచ్చుకే కళ్ళముందు మెదులుతుంది." సురేష్‌కుమార్ బొమ్మను భద్రంగా మళ్ళీ గుడ్డలో చుట్టి చేతికిచ్చాడు. "మాటలతో అయ్యే పని కాదన్నా. ఆదివారం పొద్దున్నే వస్తాను. చూద్దాం పదండి."

తిరుగుబస్సులో రంగసామి గుడ్డలో చుట్టిన బొమ్మను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ ఎన్ని పక్షుల్ని గీశాడు! హంసలు, నెమళ్ళు, చిలకలు. వాటిలో ఒక్కదాన్నీ దాని చోటికి పోయి చూడలేదని సాత్తూరు దాటాక గాని తట్టలేదు. హంసనైతే అసలు కంటితోనే చూడలేదు.

ఆదివారం తెల్లారగానే సురేష్‌కుమార్ మోపెడ్ మీద వచ్చాడు. రంగసామిని వెనక కూర్చోబెట్టుకుని విళాత్తికుళం రోడ్డు పట్టాడు. రోడ్డుకు రెండుపక్కలా నల్లటి నేల నెర్రెలిచ్చి పడుంది. మిరపకట్టె పీకేసిన చేలు, పత్తిమోళ్ళు మిగిలిన చేలు, వాటి మధ్య పసుపుపచ్చగా ఎండిన గడ్డిబీళ్ళు. ఒక చింతచెట్టు దగ్గర మోపెడ్ ఆపి, గట్టు వెంబడి నడిచి, ఇద్దరూ ఒకచోట గొంతుక్కూర్చున్నారు.

రంగసామికి ఆ గట్టు తెలుసు. ఆ చింతచెట్టూ తెలుసు. కానీ అప్పుడేమీ అనలేదు.

"కదలకుండా చూడండి. ఏదీ వెతకొద్దు. అదే కదులుతుంది," అన్నాడు సురేష్‌కుమార్.

చాలాసేపు మట్టి, గడ్డి, రాళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు. ఎండ మెడ మీదికెక్కింది. ఉన్నట్టుండి ఒక మట్టిగడ్డ నడిచింది. నిజంగానే రంగసామికి అట్లాగే అనిపించింది. గుప్పెడంత పిట్ట, చూరు పిచ్చుక కంటే ఒక పిసరు చిన్నది, పొట్టి కాళ్ళతో గబగబా వంకరటింకరగా నడిచి, ఆగి, నేలకు కరుచుకుపోయి మళ్ళీ మాయమైపోయింది.

"చూశారా? పిచ్చుక గెంతుతుంది. రెండు కాళ్ళూ కలిపి గెంతడమే దానికి తెలుసు. ఇది నడుస్తుంది, పరుగెత్తుతుంది. రంగు కనబడనంత దూరంలో ఉన్నా నడకను బట్టి చెప్పేయొచ్చు."

"దీనికి నలుపే లేదే?"

"అది ఆడది. ఒళ్ళంతా మట్టిరంగే. ఆడదాన్ని చూసి ఎవరూ చెప్పలేరు, నేనూ తడబడతాను. పక్కన మగది ఉంటుంది, ఉండండి."

మగది ఒక మట్టిపెళ్ళ మీదికి ఎక్కి నిలబడింది. సురేష్‌కుమార్ బైనాక్యులర్స్ రంగసామి చేతిలో పెట్టాడు. గొంతు నుంచి తోక మొదలు దాకా మసి పూసినట్టు ఒకటే నలుపు. ముక్కు దగ్గర్నుంచి కంటి మీదుగా వెనక్కి ఒక నల్లగీత. ఆ రెండు నలుపుల మధ్య తెల్లటి చెంప. పైనంతా ఎండిన మట్టిరంగు. లోకంలో పక్షులు చాలావాటికి పైన ముదురు, కింద లేత. దీనికి తలకిందులు. దేవుడు చేత్తో తిప్పిపట్టుకుని రంగులో ముంచాడా అన్నట్టుంది.

"అందుకే నేలకు కరుచుకుంటే కనబడదు," అన్నాడు రంగసామి మెల్లగా. "పైనుంచి చూసేదానికి మట్టే తెలుస్తాది."

"గద్ద కన్ను కప్పడానికి."

అంతలో మగది రివ్వున లేచింది. రెక్కలు వణికించుకుంటూ మెట్లెక్కినట్టు పైకి, ఇంకా పైకి పోయి, చుక్కంత అయ్యాక ఒక్కసారిగా రెక్కలు ముడుచుకుని రాయి పడ్డట్టు పడింది. పడుతూ సన్నగా, పొడుగ్గా ఒక ఈల వేసింది. నేలకు తగులుతుందనేసరికి రెక్కలు విప్పి మళ్ళీ లేచింది. రంగసామి నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు.

ఎండ ముదిరే వేళకు ఆడది పోయి ఒక గడ్డిదుబ్బు పక్కన కూర్చుని ఇక లేవలేదు. సురేష్‌కుమార్ కాసేపు చూసి, "గూడక్కడుంది," అన్నాడు. ఇద్దరూ పోయి ఒకే ఒక్క చూపు చూసి వెనక్కి వచ్చారు. నేలలో చిన్న గుంట, లోపల మెత్తటి గడ్డిపరకలు, అంచు చుట్టూ సన్నటి మట్టిపెళ్ళలు పేర్చి ఉన్నాయి. లోపల చుక్కలు చుక్కలుగా రెండు గుడ్లు. మన అడుగులు పడేకొద్దీ కాకి కన్ను పడుతుందని సురేష్‌కుమార్ చెయ్యి పట్టుకుని ఇవతలికి లాక్కొచ్చాడు.

చింతచెట్టు కిందికొచ్చి నీళ్ళు తాగాక రంగసామి అన్నాడు: "సారు, ఈ చేను మా అక్కది."

"అట్లనా! మంచిదేగా. అడిగితే మన మాట వింటారు."

"మాట్లాడి ఏళ్ళయింది," అన్నాడు రంగసామి.

అక్క మాయక్కాళ్ అతనికంటే ఎనిమిదేళ్ళు పెద్దది. అమ్మ చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. ఆమె కొడుకు జెయకుమార్, రంగసామి కూతురు సెల్వలక్ష్మి చిన్నగా ఉన్నప్పట్నుంచీ రెండిళ్ళలోనూ వియ్యమనే మాట నలుగుతుండేది. తీరా పెళ్ళీడుకొచ్చాక సెల్వలక్ష్మి నర్సు చదువు చదువుతానంది. బావను అన్నలాగే చూశాను, పెళ్ళి చేసుకోలేనంది. రంగసామి కూతురి మాటే విన్నాడు. అప్పట్నుంచి అక్క ఆ ఇంటి గడప తొక్కలేదు. సెల్వలక్ష్మి మదురైలో తనతో పనిచేసే అబ్బాయినే చేసుకుంది. ఆ పెళ్ళికీ అక్క రాలేదు.

గూడు చూసి వచ్చిన నాలుగో నాడు చిత్తిర నెల వేసవి వాన కురిసింది. సాయంత్రం మొదలై పొద్దుగూకే దాకా గట్టిగా పడింది. మట్టివాసనకు వీధిలో అందరూ గడపల్లోకి వచ్చి కూర్చున్నారు. రంగసామి ఒక్కడే లోపల బల్ల ముందు ఊరికే కూర్చున్నాడు.

"ఏమాలోచిస్తుండావు? నీ పిట్ట తడిసిపోతాదనా?" అంది వీరమ్మాళ్.

"తడిస్తే ఆరిపోతాది. వాన పడినాక నేల ఆరేలోపల దుక్కి దున్నల్ల కదా. అక్క వేసవి దుక్కి వదిలిపెట్టే మనిషి కాదు. డ్రాక్టర్ దిగితే గూడుండదు."

"పోయి చెప్పు అయితే."

"ఏ మొకం పెట్టుకుని పోయేది?"

వీరమ్మాళ్ చేతిలోని చేట కింద పెట్టింది. "ఉండే మొకం పెట్టుకునే పో. వదిన నిన్ను కొడుతుందా? కొడితే మాత్రమేమి, నీకు తలదువ్విన చెయ్యే కదా. ఇన్నేళ్ళు దారి దొరకలేదని సతాయిస్తివి. దేవుడు ఒక పిట్టను పంపించినాడు. దాన్ని కూడా వదిలేసుకుంటావా?"

మర్నాడు మొదటి బస్సుకే రంగసామి బయల్దేరాడు. రెండో బొమ్మ, అంటే చూసొచ్చాక గీసిన బొమ్మను, వెంట పెట్టుకున్నాడు.

మాయక్కాళ్ వాకిట్లో కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. తమ్ముడు వచ్చి నిలబడితే తలెత్తి చూసింది. లేవలేదు, రమ్మనలేదు. పక్కనున్న చాపను కాలితో కొంచెం జరిపింది. రంగసామి కూర్చున్నాడు.

"వీరమ్మ బాగుండాదా?"

"బాగుండాదక్కా."

"కంటికి అద్దాలు పెట్టినావే. చూపు తగ్గిందా?"

"సన్నపని కదా."

మిరప ఘాటుకు రంగసామికి తుమ్ము వచ్చింది. ఆ తుమ్ముతోపాటే వచ్చిన సంగతి బయటపెట్టాడు. చేలో గూడుందని, చింతచెట్టు పక్క మూల దున్నకుండా కొన్నాళ్ళు వదలమని, పిల్లలు లేచిపోయాక దున్నుకోవచ్చని. బొమ్మ విప్పి చూపించాడు.

మాయక్కాళ్ బొమ్మ వైపు చూసి చూడనట్టు చూసింది. "ఆ చేలో నేను పుట్టినప్పటినుంచి తిరుగుతుండాను. ఇట్లాంటిదాన్ని చూళ్ళేదు. కురివిలు తిరుగుతుంటాయి, అంతే."

"అదే అక్కా ఇది. నేనూ కురివి అనే అనుకుంటిని."

"ఇసక్కిముత్తు డ్రాక్టర్ రేపు పొద్దున వస్తుండాది. వాడు ఈ ఊరికి ఒక్కసారే వస్తాడు. ఆ మూల వదిలితే కలుపంతా ఆడినుంచే చేను మీదికి వస్తాది. నీకేం తెలుసు, కుంచె పట్టినవాడివి."

రంగసామి తలవంచుకున్నాడు. మాయక్కాళ్ చేతులు ఆగిపోయాయి.

"ఒక పిట్టకోసం అడగను వచ్చినావు రంగా, నీ కాళ్ళతోనే నడిచి. ఆ పొద్దు ఏమి చేస్తివి? బిడ్డ ఒద్దంటుండాదని మూడో మనిషితో చెప్పి పంపిస్తివి. బిడ్డ ఒద్దంటే నేను కాదందునా? దాన్ని ఎత్తుకుని తిప్పినదాన్ని కాదా నేను? నువ్వు వచ్చి, నా ఎదురుగా కూర్చుని, అక్కా ఇట్లుండాది కత అని ఉంటే, నేను ఏడ్చి ఉంటాను, అంతే. నువ్వు రాలే."

రంగసామి ఒక మిరపకాయ తీసి తొడిమ తుంచాడు. "నీ ఏడుపు చూళ్ళేకనే రాలేదక్కా," అన్నాడు చివరికి.

మాయక్కాళ్ మిరపచేతుల్ని కొంగుకు దూరంగా పెట్టుకుని, మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. మిరపఘాటో, మరేమో. లేచి లోపలికి పోయింది. కంబుగంజి, అదే సజ్జల గంజి, ఉల్లిపాయ తెచ్చి ముందు పెట్టింది.

"తాగు. తాగి, ఈ పొద్దు ఈడే ఉండు, చేలో ఇంకా కాలు దిగబడతాది. రేపు పొద్దున చేనికి పోదాము. ఉంటే చూపించు. లేకపోతే దున్నిస్తా."

తెల్లవారుతుండగా ఇద్దరూ చేనికి పోయారు. వాన పడ్డ నేల ఇంకా మెత్తగా ఉంది. చెప్పులకు రేగడి అంటుకుని అడుగు అడుగుకూ బరువెక్కుతోంది. గట్టు మీద గొంతుక్కూర్చున్నారు. రంగసామి ముందు భయపడ్డాడు. వానకు గూడు కొట్టుకుపోయిందేమోనని. కానీ ఆ మూల కొంచెం మెరక. ఆడది గడ్డిదుబ్బు పక్కన కదలకుండా కూర్చునే ఉంది.

"యాడుంది?"

"ఆ దుబ్బు చూడు. దుబ్బుకు ఎడమపక్క."

"మట్టిగడ్డ."

"మట్టిగడ్డ కాదు."

మాయక్కాళ్ కళ్ళు చికిలించి చూసింది. దూరంగా గట్టు మీద నాలుగైదు పిచ్చుకలు వాలి గెంతుతున్నాయి. "అవి కావా?"

"అవి చూరు పిచ్చుకలు. పొట్ట చూడు, తెల్లగుండాది. గొంతు కాడ మాత్రమే నలుపు. గెంతుతుండాయి చూడు. మనది నడుస్తాది." అని చెబుతుండగానే మగది ఎక్కణ్ణించో పరుగెత్తుకొచ్చి గూటి దగ్గర ఆగింది. నల్లటి పొట్ట ఎండకు తళుక్కుమంది. ఆడది లేచి పక్కకు నడిచింది. మగది వెళ్ళి గుడ్ల మీద కూర్చుంది.

మాయక్కాళ్ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "మొగుడు పొదుగుతుండాడా?"

"ఇద్దరూ పొదుగుతారంట. సారు చెప్పినాడు."

"మీ బావ బతికుంటే పిలుచుకొచ్చి చూపించి ఉందును," అంది ఆమె. ఎన్నో ఏళ్ళకు అక్క నవ్వు విన్నాడు రంగసామి.

ఇంతలో రోడ్డు మీద ట్రాక్టర్ మోత వినిపించింది. ఇసక్కిముత్తు చేలోకి దిగి, గట్టు మీద వాళ్ళిద్దర్నీ చూసి ఇంజన్ ఆపాడు. మాయక్కాళ్ కొంగు నడుముకు దోపుకుని ఎదురుపోయింది. ఆ మూల చూపించి తమిళంలో ఏదో చెప్పింది. అతను తల అడ్డంగా ఊపాడు. మూలకు తిప్పుకునే చోటు లేకపోతే చాళ్ళు వంకరపోతాయనీ, నలుగురూ చూస్తే ఇసక్కిముత్తుకు దున్నడం రాదంటారనీ అతని గోల.

"వంకరపోతే పోనీ. అడిగితే మాయక్కాళ్ చెప్పిందని చెప్పు," అంది.

అతను గొణుక్కుంటూనే దున్నాడు. నాగళ్ళు దగ్గరికొచ్చిన ప్రతిసారీ పిట్టలు రెండూ లేచి ఇవతల గట్టు మీద వాలి, ట్రాక్టర్ అటు తిరగ్గానే పరుగున గూటికి పోయేవి. మధ్యాహ్నానికి చేనంతా నల్లగా, తడిగా తిరగబడి, మూలన మాత్రం ఎండుగడ్డి చాపంత మేర మిగిలింది.

మిగలడమే కొత్త చిక్కు తెచ్చింది. ఆ చేలో గడ్డి అనేది ఆ ఒక్కచోటే ఉండేసరికి మేకలు దాని మీదికే వచ్చాయి. మాయక్కాళ్ సర్కారు తుమ్మ కొమ్మలు నరికించి చుట్టూ వేసింది. మేకలు ఆగాయి గానీ కొమ్మల మీద కాకులు వాలడం మొదలుపెట్టాయి. ఈ సంగతి బస్సు కండక్టర్ ద్వారా కోవిల్‌పట్టికి చేరింది. రంగసామి పబ్లిక్ బూత్ నుంచి విరుదునగర్‌కు ఫోను చేశాడు. కాకి వాలేంత ఎత్తు ఉండకూడదు, కొమ్మల్ని నేలకు పరిచేయమని సురేష్‌కుమార్ చెప్పాడు. ఆ మాట మళ్ళీ బస్సులో అక్కకు పోయింది. ఒక ముసలామె నడుం వంచి ముళ్ళకొమ్మల్ని సర్దుతుంటే, ఊళ్ళోవాళ్ళు నిధి ఏమైనా దొరికిందా అని అడిగిపోయారు.

రంగసామి ఆ రోజుల్లో వారానికి రెండుసార్లైనా పోయేవాడు. పోయినవాడు చేనికే పోయి తిరిగి రావడమా? అక్క వాకిట్లో కూర్చునేవాడు. జెయకుమార్ సాత్తూరులో పని నుంచి వచ్చి ఉంటే, "మామా, రంగులకు ఏమేమి కలుపుతారు?" అని అడిగేవాడు. వాడి మనసులో ఏ కోపమూ లేదు. ఎప్పుడూ లేనేలేదేమో.

ఒకరోజు అక్క నుంచి కబురొచ్చింది. గూడు ఖాళీ అయిపోయింది, వెంటనే రమ్మని.

సురేష్‌కుమార్‌ను వెంటబెట్టుకుని పోయాడు. మాయక్కాళ్ గట్టు మీద కూర్చుని ఉంది. ముఖం పీక్కుపోయింది. "నిన్న పొద్దున నోరు తెరుచుకుని పిల్లలు రెండూ ఉండినాయి. ఈ పొద్దు చూస్తే లేవు. ఇంకా ఎగిరేంత ఈక కూడా రాలే. పామో, ముంగిసో తినేసింది. నేను కాపలా ఉండీ పోగొడితిని."

సురేష్‌కుమార్ మోకాళ్ళ మీద వంగి గూడంతా చూశాడు. ఈకలేవీ రాలలేదు, రక్తం లేదు. గూటి అంచు చెదరలేదు. "అక్కా, ఇవి ఎగరడం రాకముందే గూడు వదిలి నడిచిపోతాయి. ఒకేచోట ఉంటే ప్రమాదమని. తినేసి ఉంటే తల్లీ తండ్రీ ఈపాటికి పోయేవి. చూడండి, అక్కడే తిరుగుతున్నాయి, నోట్లో పురుగు కూడా ఉంది."

ముగ్గురూ కదలకుండా కూర్చున్నారు. మగది నోట్లో పురుగు పట్టుకుని అటూ ఇటూ పరుగెత్తి, వీళ్ళను చూసి సందేహించి, చివరికి దున్నిన చాళ్ళలోకి దిగింది. ఒక మట్టిపెళ్ళ పక్కన ఆగింది. ఆ పెళ్ళ నోరు తెరిచింది.

"అయ్యో నా తల్లీ!" అంది మాయక్కాళ్. ఆమె కాలికి బారెడు దూరంలోనే ఉంది అది. పొద్దున్నుంచి ఎన్నిసార్లు దాని పక్కనుంచే నడిచిందో.

రెండోది కనబడలేదు. సాయంత్రం దాకా చూసినా కనబడలేదు. ఉందో పోయిందో సురేష్‌కుమార్ చెప్పలేనన్నాడు. మాయక్కాళ్ మాత్రం ఆడది వేరేవైపు పురుగు తీసుకుపోవడం చూశానని, అటుపక్కన ఉండి ఉంటుందని గట్టిగా అంది. ఎవరూ కాదనలేదు.

బస్సు కోసం చింతచెట్టు కింద నిలబడ్డప్పుడు సురేష్‌కుమార్ మోపెడ్ మీద విరుదునగర్ దారి పట్టాడు. అక్కాతమ్ముళ్ళిద్దరే మిగిలారు.

"సెల్వకు ఏమన్నా విశేషముండాదా?" అని అడిగింది మాయక్కాళ్, రోడ్డు వైపు చూస్తూ.

"ఐదో నెల."

"ఐదో నెలా! అట్లయితే ఇన్నాళ్ళూ నోరు మూసుకుని పిట్టల కతలు చెబుతుంటివా? వట్టి మడ్డినాయాలా." అని వీపు మీద ఒకటి చరిచింది. "సీమంతానికి గాజులు నేను వేస్తాను. నువ్వు చెప్పొద్దు. నేనే మదురైకి పోయి దాంతో చెప్పుకుంటా."

బొమ్మలు ఆషాఢానికి అచ్చయి వచ్చాయి. కట్ట విప్పి చూస్తే రంగసామికి ఏడుపొక్కటే తక్కువ. అచ్చులో నలుపు సరిగా దిగక పిట్ట పొట్ట ఊదారంగుకు తిరిగింది. ఏది గుర్తుపట్టాలని గీశాడో అదే తప్పిపోయింది. మళ్ళీ అచ్చు వేయించే తాహతు కాలేజీ వాళ్ళకు లేదు. సురేష్‌కుమార్ దిగులుగా కూర్చుంటే, రంగసామి నల్ల ఇంకు సీసా మూత తీశాడు. ఒక్కొక్క కాగితం తీసి, ఒక్కొక్క పొట్టకూ చేత్తో నలుపు వేశాడు. వీరమ్మాళ్ ఆరబెట్టింది. మంచం మీద, నేల మీద, కిటికీ కమ్మీల మీద ఎక్కడ చూసినా నేలపిచ్చుకలే. ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు. సురేష్‌కుమార్ కూడా ఒక కుంచె పట్టాడు గానీ, అతను వేసిన పిట్టలు కడుపుతో ఉన్నట్టు కనిపిస్తున్నాయని వీరమ్మాళ్ నవ్వితే ఆపేశాడు.

ఆ బొమ్మలు విళాత్తికుళం నుంచి తాయిల్పట్టి దాకా టీకొట్లలో, రేషన్ కొట్ల గోడల మీద అతికాయి. చూశామని కబుర్లు వచ్చాయి. చాలావరకు చూరు పిచ్చుకలే. కొందరు జెముడుకాకిని చూసి కూడా అదేనన్నారు. వచ్చిన ప్రతి కబురుకూ సురేష్‌కుమార్ మోపెడ్ వేసుకుని పోయేవాడు. కొన్నిచోట్ల నిజంగానే ఉన్నాయి. ఒక బీడులో పదీ పదిహేను గుంపుగా మేస్తూ కనిపించాయని చెప్పడానికి కోవిల్‌పట్టి దాకా వచ్చి, వీరమ్మాళ్ ఇచ్చిన టీ తాగడం కూడా మరిచిపోయి చెప్పుకుపోయాడు.

మరో రెండు నెలలకు, పురట్టాసిలో, మాయక్కాళ్ తమ్ముడింటికి వచ్చింది. చేతిలో మిరపకాయల సంచి, కంబు సంచి, గాజుల పెట్టె. మర్నాడు అందరూ కలిసి మదురై పోవాలి. గడపలో చెప్పులు విప్పుతూ, గోడకు అంటించిన బొమ్మను చాలాసేపు చూసింది.

"బాగానే గీసినావు గాని, రంగా, కాళ్ళు ఇంత పొడుగు కాదు," అంది.

రంగసామి కళ్ళజోడు సవరించుకుని దగ్గరికి పోయి చూశాడు. నిజమే, ఒక వెంట్రుకవాసి పొడుగే. వీరమ్మాళ్ లోపల్నుంచి కాళ్ళు కడుక్కోను నీళ్ళ చెంబుతో వచ్చింది.

"రా వదినా. మొదట అన్నం తిను. పిట్ట కాళ్ళు తరువాత కొలుద్దురు."